స్పర్శధర్మము

జ్ఞానేంద్రియములు అయిదని పెద్దలు లెక్కించిరి. అందు కన్ను, చెవి, ముక్కు, నాలుక యను నాలుగును ముఖమునందే చోటు చేసికొన్నవి. అయిదవదియగు చర్మము మాత్రము అరికాలినుండి నడినెత్తివరకు వ్యాపించి యున్నది. కన్నులు మూసికొనవచ్చును, చెవులు మూసికొనవచ్చును, ఊపిరి బిగబట్టి ముక్కును మూసికొనవచ్చును. చర్మమును మూసికొను నుపాయము లేదు. తల్లి కడుపులోని శిశువునకు మొట్టమొదట మేలుకొను నింద్రియమును ఇదియే. ఇట్టి యింద్రియముమీదనే మన సంఘము అన్నిటికంటె హెచ్చు కట్టుబాట్లను విధించినది. మైల, మడి, అంటు, ముట్టు మున్నగు మాటలన్నియు తాకుటకును తాకకుండుటకును సంబంధించినవే. తుదకు కోట్లకొలది మనుష్యులకు 'అంటరానివారు' అని పేరు పెట్టి, తరతరములు వారిని ఆ పేరుతోనే ఊరి వెలుపల నిలిపితిమి.

ఈ 'తాకరాదు' అను భావ మెక్కడ నున్నది? తాకబడు వస్తువునందున్నదా, తాకు చర్మమునందున్నదా, చర్మమునకు వెనుకనున్న మనస్సునందున్నదా? ఈ ప్రశ్నను ధర్మశాస్త్రజ్ఞులు తమ గ్రంథముల నాధారము చేసికొనియు, రాజకీయవేత్తలు తమ చట్టముల నాధారము చేసికొనియు చర్చించిరి. మేమీ వ్యాసమున వేరొక సాక్షిని పిలువదలచితిమి. ఆ సాక్షి మన నరమే.

ముందుగా మా తప్పు నొకదానిని చెప్పుకొనవలసి యున్నది. అది చెప్పనిదే ఈ విచారణ చేయుటకు మాకర్హత లేదు. మేము పుట్టి పెరిగినది పెద్దపల్లికి దాపుననున్న యొక పల్లె. ఏడెనిమిదేండ్ల వయస్సున ఒకనాడు చెలకలో పరుగెత్తుచుండగా కాలిలో తుమ్మముల్లు విరిగినది. మా యింటి జీతగాడు మమ్ము గట్టుమీద కూర్చుండబెట్టి, మా మడమను తన మోకాలిపై నుంచుకొని, మరియొక ముల్లుతో ఆ ముల్లును తీసి, తన యరచేతితో మా యరికాలిని చాలసేపు రుద్దెను. "అయిపాయె చిన్నపటేలా, ఇగ ఏడ్వకు" అనెను. నొప్పి తగ్గినది. ఇంటికి రాగానే సంగతి తెలిసి బాపమ్మ మమ్ము వాకిటనే నిలిపి నెత్తిపై రెండు బిందెల నీళ్లు గుమ్మరించినది. "వాన్ని అంటుకున్నవు బిడ్డా, తానం జేయకుంటె ఇంట్లకు రానియ్య" అన్నది. ఆమె మమ్ము ప్రాణపదముగా పెంచిన మనిషి. ఆమెయందు క్రౌర్యము లేదు. కాని ఆనాడు గట్టుమీద మా చర్మము నేర్చుకొన్న దొకటి, వాకిట మా మెదడు నేర్చుకొన్నది వేరొకటి.

తరువాత చదువుకొంటిమి. అస్పృశ్యత పాపమని నమ్మితిమి. నలుగురిలో ఆ మాట చెప్పితిమి కూడ. నలువదేండ్లు గడచిన పిదప ఒక పండుగనాడు మా వీధి నూడ్చు స్త్రీకి మామూలు ఇచ్చునప్పుడు మా చేయి ఆమె యరచేతికి రెండంగుళముల పైననే ఆగిపోయి, రూకలను జారవిడిచినది. ఆమె యేమియు ననలేదు. ఆమెకు అది క్రొత్త గాదు. మా బుద్ధి ఆ యాజ్ఞ నియ్యలేదు. చేయి తనంతట తానే ఆగినది. మేము నమ్మిన ధర్మమునకును మా చేతికిని నడుమ ఆ రెండంగుళముల దూరము ఎక్కడినుండి వచ్చినది? ఈ విచారణకు అదియే కారణము.

మన తార్కికులు స్పర్శను నిశితముగా విచారించిరి. 'తర్కసంగ్రహము' రచించిన అన్నంభట్టు తెలుగువాడని ప్రసిద్ధి. త్వగింద్రియ మొక్కదానిచేత మాత్రమే గ్రహింపబడు గుణము స్పర్శయనియు, అది శీతము, ఉష్ణము, అనుష్ణాశీతము అని మూడు విధములనియు ఆయన చెప్పెను. చల్లదనము నీటియందు, వేడిమి నిప్పునందు, ఆ రెండునుగాని స్పర్శ భూమియందును వాయువునందును కలదు. నేటి శాస్త్రము ఈ విభాగమును చాల పెంచినది. అయినను చదువరులు ఒక విషయము గమనింపవలెను. ఆ మూటికి తోడు నాలుగవదిగా కులస్పర్శ యనునొక దానిని ఆయన చేర్చలేదు. లోకాచారమున ఆ పండితుడు ఎవరిని తాకెనో, ఎవరిని తాకలేదో మనకు పనిలేదు. తర్కము వ్రాయునప్పుడు మాత్రము ఆయన చర్మమునకు తెలియనిదానిని చర్మమున కంటగట్టలేదు.

ఇక నేటి శరీరశాస్త్రము చెప్పునదేమో చూతము. ఎదిగిన మనిషి చర్మము నంతను పరచినచో ఇంచుమించు 2 చదరపు మీటర్లుండును. దాని పొరలలో నరముల కొనలు లెక్కకు మిక్కిలిగా నున్నవి. అవి యన్నియు ఒక్క రకమువి కావు. మైస్నర్, మెర్కెల్, రఫీనీ, పచీనీ యను పండితులు సూక్ష్మదర్శినితో చూచి గుర్తించిన నాలుగు విధముల కొనలు ఆ పండితుల పేళ్లతోనే పిలువబడుచున్నవి. చేతిలోని వస్తువు జారుచున్నదని ఒకటి తెలుపును. అంచును, ఆకారమును ఒకటి తెలుపును. చర్మము సాగినదని ఒకటి తెలుపును. ఉల్లిపొరలవలె పొరలు పొరలుగా నుండు పచీనీ కొన అదురును తెలుపును. ఇవిగాక ఏ కప్పును లేని నరపుకొనలు వేడిని, చలిని, నొప్పిని, దురదను తెలుపును.

ఇవి యన్నిచోట్ల ఒక్క తీరుగ లేవు. చదువరులు ఇంటనే పరీక్షించి చూడవచ్చును. రెండు చీపురుపుల్లల కొనలను ఒకదాని కొకటి మూడు మిల్లీమీటర్ల ఎడముతో పట్టుకొని, కన్నులు మూసికొన్నవాని వ్రేలికొనపై ఆనించినచో రెండు పుల్లలని చెప్పును. అవే పుల్లలను వీపుపై నుంచినచో ఒక్కటే యనును. వీపుమీద రెండును రెండుగా తోచుటకు ఇంచుమించు నాలుగు సెంటీమీటర్ల ఎడముండవలెను. ఈ పరీక్షను 1834లో వేబర్ అను జర్మను పండితుడు ప్రకటించెను. చేతి వ్రేళ్లకు ఇంత నేర్పుండుట చేతనే నేతగాని వ్రేలు తెగిన పోగును పట్టుకొనును. వైద్యుని వ్రేలు నాడిని పట్టుకొనును.

మా ప్రాంతమున గోదావరిఖని బొగ్గుగనులున్నవి. భూగర్భ గనులలో పైకప్పు గట్టిగా నున్నదో లేదో తెలిసికొనుటకు సలాకతో దానిని తట్టి ధ్వని విందురు. తట్టుచు రెండవ చేతిని కప్పునకు ఆనించి అదురును కూడ కనిపెట్టుదురు. చీకటిలో, తలపై మోపెడు రాయి నుండగా, కన్ను చూడజాలని పగులును అరచేతిలోని పచీనీ కొన చెప్పును. ఆ చేయి యే కులమువానిదో రాయి యడుగదు. దాని మాట నమ్మి క్రింద పనిచేయు కార్మికులును అడుగరు.

మన భాషలో నొక వింత యున్నది. నిప్పు సోకినను 'మంట' యందుము. మిరపకాయ కొరికినను 'మంట' యందుము. ఇది కవుల యుపమానము కాదని నేటి శాస్త్రము తేల్చినది. 1997లో డేవిడ్ జూలియస్ మొదలగువారు నరపుకొనలలో నొక ద్వారమును కనుగొనిరి. చర్మమునకు ఇంచుమించు 43 డిగ్రీల సెంటీగ్రేడునకు మించిన వేడి తగిలినప్పుడు తెరచుకొను ఆ ద్వారమే మిరపలోని ఘాటు పదార్థము తగిలినను తెరచుకొనును. అందుచే మెదడునకు రెంటి వార్తయు ఒక్కటిగనే చేరును. 2010లో ఆర్డెమ్ పటపూటియన్ మొదలగువారు ఒత్తిడికి తెరచుకొను ద్వారములను కనుగొనిరి. ఈ యిరువురకును 2021లో నోబెల్ బహుమానము లభించినది. అనగా మానవుడు చంద్రునిమీద కాలు మోపిన నలువదేండ్లకుగాని తన చర్మము స్పర్శనెట్లు గ్రహించుచున్నదో సరిగా తెలిసికొనలేదు.

చర్మమున పుట్టిన వార్త వెన్నుపామునకు పోవును. వెన్నుపాము పొడవు ఇంచుమించు 45 సెంటీమీటర్లు. దానినుండి ఇరుప్రక్కలకు 31 జతల నరములు వెలువడుచున్నవి. మెత్తని స్పర్శను తెచ్చు లావు నరములలో వార్త సెకనుకు 35 మొదలు 75 మీటర్ల వేగమున పరుగెత్తును. నొప్పికి రెండు దారులున్నవి. చురుక్కుమను మొదటి పోటు సెకనుకు 5 మొదలు 30 మీటర్ల వేగమున వచ్చును. తరువాత వచ్చు సలుపు సన్నని నరములలో సెకనుకు ఒక మీటరు చొప్పున నడచి వచ్చును. అందుచేతనే ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు మొదట 'అబ్బా' యని కాలు తీసికొందుము, క్షణము గడచిన పిదప బాధపడుదుము. కాలు తీసికొనుమన్న యాజ్ఞ మెదడునుండి రానక్కరలేదు, వెన్నుపామే ఇచ్చును. దీనినే అసంకల్పిత ప్రతీకార చర్య యందురు.

మా జీతగాడు అరికాలిని రుద్దగానే నొప్పి యేల తగ్గినది? 1965లో మెల్జాక్, వాల్ అను నిరువురు దీనికొక సిద్ధాంతము చెప్పిరి. స్పర్శను తెచ్చు లావు నరములు వెన్నుపామును చేరి, అక్కడ నొప్పి వార్త పైకి పోవు వాకిలిని కొంత మూయుననిరి. ఆ సిద్ధాంతములోని వివరములు పిదప కొంత మారినవి గాని, రాపిడిచే నొప్పి వెన్నుపాములోనే అణగునను ముఖ్యాంశము నిలిచినది. ఆనాడు ఒక మనిషి యరచేయి మా వెన్నుపాములో బాధకు తలుపు మూసినది. ఆ సంగతి తెలియక మేము దానికి రెండు బిందెల ప్రాయశ్చిత్తము చేసికొంటిమి.

వెన్నుపామునుండి వార్త మెదడును చేరును. కుడిచేతి వార్త ఎడమ మెదడునకును, ఎడమచేతి వార్త కుడి మెదడునకును పోవును. మెదడునందు ఇంచుమించు 8,600 కోట్ల నాడీకణములున్నవి. నడినెత్తినుండి చెవివైపునకు దిగు నొక పట్టీయందు శరీరమంతటి పటము గీయబడి యున్నట్లు 1937లో పెన్‌ఫీల్డ్ మున్నగు శస్త్రవైద్యులు చూపిరి. ఆ పటమున పెదవులకును వ్రేళ్లకును పెద్ద చోటు, వీపునకు చిన్న చోటు. ఎక్కడ ఎక్కువ వాడుకయో అక్కడ ఎక్కువ చోటు. ఈ పటములో దొరకును జీతగానికిని, బ్రాహ్మణునకును మాలవానికిని వేరువేరు గదులు లేవు.

ఇంకొక నరమును గూర్చి చెప్పవలెను. 1990 ప్రాంతమునుండి స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు మనుష్యులలో నొక విధమగు సన్నని నరములను పరిశీలించిరి. అవి రోమములుగల చర్మమునందున్నవి. వాటి నడక నిదానము, సెకనుకు ఒక మీటరు. వస్తువు ఆకారమును గాని అంచును గాని అవి తెలుపవు. వెచ్చని చేయి సెకనుకు ఒకటి మొదలు పది సెంటీమీటర్ల వేగమున మెల్లగా నిమిరినప్పుడే అవి బాగుగా మేలుకొనును. తల్లి బిడ్డను నిమురు వేగ మదియే. వాటి వార్త మెదడులో లోతుగా ముడుచుకొనియున్న యొక మడతకు పోవును. ఆ మడత వెనుకభాగము ఆప్యాయతను గ్రహించును. దాని ముందుభాగము అసహ్యము కలిగినప్పుడు మేలుకొనును. ఆప్యాయతయు అసహ్యమును ఒక్క యింటి వెనుకగది ముందుగదులలో కాపురమున్నవి. మన సంఘము ఏ గదిని అలవాటు చేయునో బిడ్డ ఆ గదిలో పెరుగును.

ఇంతవరకు సాక్షిని విచారించితిమి. నరము మోయునది చిన్న విద్యుత్తరంగము మాత్రమే. దానిమీద తాకినవాని పేరుగాని, ఇంటిపేరుగాని, వాడగాని వ్రాసి యుండదు. వేడి, చలి, నునుపు, గరుకు, ఒత్తిడి, అదురు, నొప్పి, ఆప్యాయత: ఇంతవరకే దాని సాక్ష్యము. మైల యనునది చర్మము చెప్పినది కాదు. చర్మము చెప్పిన పిదప మెదడు చేర్చిన వ్యాఖ్యానము.

కొందరిట్లనవచ్చును: "చేయి తనంతట తానే వెనుకకు తీసినదని మీరే అంటిరి గదా. అది ప్రకృతి సిద్ధమైన చర్య గావచ్చును. ప్రకృతికి తప్పు పట్టనేల?" ఇక్కడ రెండు వేరువేరు సంగతులను విడదీయవలెను. నిప్పునుండి చేయి తీసికొనుట ఎవరును నేర్పనక్కరలేదు. ఏ దేశపు శిశువైనను తీసికొనును. మనిషినుండి చేయి తీసికొను శిశువు ఏ దేశముననైనను పుట్టినాడా? పసిబిడ్డ ఎవరి చంకనైనను ఎక్కును, ఎవరి వ్రేలినైనను చప్పరించును, నేలమీది దేదైనను నోట పెట్టుకొనును. అసహ్యము వయస్సుతో, పెద్దల ముఖములు చూచి, మెల్లగా నేర్చుకొను విద్య. మొదటిది నరము పుట్టుకతో తెచ్చుకొన్న గుణము. రెండవది నరమునకు మనము పట్టించిన అలవాటు. రెండును ఒక్కటే వేగమున పనిచేయుటచే చూచువారికి ఒక్కటిగా తోచును.

ఈ భ్రాంతికి మహాపండితులును లోనైరి. చార్లెస్ డార్విన్ 1872లో ప్రకటించిన భావప్రకటన గ్రంథమున నొక సంగతి చెప్పెను. దక్షిణ అమెరికా కొననున్న టియెర్రా డెల్ ఫ్యూగోలో ఆయన భోజనము చేయుచుండగా అక్కడి ఆదిమవాసి యొకడు ఆయన తినుచున్న చల్లని నిలువ మాంసమును వ్రేలితో తాకి, దాని మెత్తదనమునకు అసహ్యించుకొన్నాడు. డార్విన్ తన ఆహారమును ఒక దిగంబర ఆటవికుడు తాకినందులకు అసహ్యించుకొన్నాడు. వాని చేతులు మురికిగా కనబడలేదని ఆయనయే ఒప్పుకొన్నాడు. ఆ యిరువురలో ఆదిమవాసికి కలిగిన జుగుప్స వస్తువును తాకి కలిగినది. పండితునికి కలిగిన జుగుప్స మనిషిని తలచి కలిగినది. చేతులు శుభ్రముగనే యున్నవని కన్ను సాక్ష్యమిచ్చినను మనస్సు వినలేదు. సత్యము నున్నదున్నట్లు వ్రాసికొన్నందున డార్విన్ మనకు గురువైనాడు.

మరికొందరు మరియొక వాదము చేయుదురు. ఈ యాచారములు ఆరోగ్యముకొరకు పుట్టినవనియు, పూర్వులు సూక్ష్మజీవులను ముందే యెరిగిరనియు అందురు. 2020లో కరోనా వ్యాపించినప్పుడు ఈ మాట గట్టిగా వినబడినది. మనుష్యులు ఎడముగా నుండవలెనని ప్రభుత్వములు చెప్పగా, 'మన మడి ఇదియే గదా' యని కొందరు గర్వపడిరి. కాని ఆ యెడము అందరికి అందరినుండి విధింపబడినది. వ్యాధి తగ్గగానే తొలగినది. సబ్బుతో కడిగికొన్న చేతికి దోషము లేదన్నది. అంటరానితనము అట్టిది గాదు. అది ఎంత స్నానము చేసినను పోదు, తండ్రినుండి కొడుకునకు వచ్చును, నిరోగికిని తప్పదు. పైగా ఊరి మురికి నంతను ఒకరిచేత నెత్తించి, మురికి వారియందే యున్నదని చెప్పుట ఏ యారోగ్యశాస్త్రము?

రోగమునకును అంటునకును నిజమైన సంబంధమెట్టిదో తెలిసికొనగోరువారు కుష్ఠువ్యాధి చరిత్రను చూడవలెను. ఇది నరముల వ్యాధియే. 1873లో నార్వే దేశమున హాన్సెన్ దీని సూక్ష్మజీవిని కనుగొనెను. అది చర్మమునకు దగ్గరగా, చల్లగా నుండు నరములలో చేరి, మోచేతివద్దను మోకాలివద్దను నరములను ఉబ్బజేసి, స్పర్శను చంపును. పూర్వులు వ్రేళ్లు కుళ్లి రాలిపోవుననుకొనిరి. 1940ల చివర వేలూరున పనిచేసిన పాల్ బ్రాండ్ అను వైద్యుడు అది సత్యము కాదని చూపెను. స్పర్శ లేని చేయి కాగిన పాత్రను వదలదు, గుచ్చుకొన్న మేకును ఎరుగదు, ఎలుక కొరికినను మేలుకొనదు. దెబ్బమీద దెబ్బ తగిలి వ్రేళ్లు పోవుచున్నవి. అనగా నొప్పి మనకు శత్రువు గాదు; అది లేనిచో మన చేతులను మనమే పోగొట్టుకొందుము.

ఈ వ్యాధి సామాన్యమైన తాకుడుచే అంటునది కాదు. మనుష్యులలో నూటికి 95 మందికి దీనిని ఎదిరించు శక్తి పుట్టుకతోనే కలదు. మందు ఆరంభించిన కొలదికాలములోనే రోగి ఇతరులకు అంటించుట మానును. అయినను 1898లో చేసిన కుష్ఠురోగుల చట్టము మన దేశమున 2016 వరకు పుస్తకములలో నిలిచియే యున్నది. ఈ వ్యాధి విడాకులకు కారణముగా నుండుట 2019లోగాని తొలగలేదు. మందు చిక్కిన పిదప కూడ మాటలలోని అంటు అన్నేండ్లు బ్రతికినది. దీనికి భిన్నముగా, తగిన మందు లేని కాలముననే, 1915లో మా ప్రాంతమునకు పడమట నిజామాబాదు దాపుననున్న డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠురోగులకు ఆసుపత్రి స్థాపించిరి. స్థానికుడైన నర్సాగౌడు దానికి ధనసహాయము చేసెను. ఆ రోగులకు సూదిమందిచ్చి, పుండ్లు కడిగి, కట్లు కట్టిన చేతులు భయపడక తాకిన చేతులే. స్పర్శ నెరుగని శరీరమును తాకినవారు కొందరు. స్పర్శ నెరిగియు తాకనివారు ఎందరో. ఈ యిరు తెగలలో నరములు చచ్చినవా రెవ్వరో చదువరులే చెప్పవలెను.

ఇక చట్టముల మాట. 1917లో బెజవాడలో జరిగిన మహాసభకు అధ్యక్షుడైన భాగ్యరెడ్డివర్మ, తమవారిని పంచములనరాదు, ఆదిఆంధ్రులనవలెనని పలికించెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణమున అంటరానితనమును రద్దు చేసినది. 1955లో దానిని శిక్షించు చట్టమును, 1989లో అత్యాచారముల నిరోధక చట్టమును వచ్చినవి. వీటి ఫలమును తక్కువ చేసి మాటలాడుట కృతఘ్నత. బావివద్ద, బడివద్ద, గుడివద్ద అడ్డము నిలిచిన చేతిని చట్టము పట్టుకొన్నది. పట్టుకొనవలసిన చోట్లు ఇంకను మిగిలియున్నవి. కాని చట్టమునకు ఒక హద్దు కలదు. మా చేయి రెండంగుళముల పైన ఆగినప్పుడు ఏ చట్టమును ఉల్లంఘింపలేదు. మమ్ము పట్టుకొనుటకు ఏ పోలీసును రాడు. ఆ రెండంగుళములు మా పాలనలోనివి.

వాటిని జయించుట ఎట్లు? ఉపన్యాసముచే కాదని మా యనుభవమే చెప్పుచున్నది. మేము ఉపన్యాసము లిచ్చిన పిదపనే గదా చేయి ఆగినది. అభిప్రాయము ఒక పూటలో మారవచ్చును; అలవాటు నరములలో దిగి యుండును గనుక అంత త్వరగా మారదు. ఇది నిరాశకు కారణము కారాదు. నరమును అలవాటు ఎట్లు మలచునో, క్రొత్త యలవాటును అట్లే మలచగలదు. చుక్కల లిపిని వ్రేలితో చదువు అంధులను పరీక్షించి, మెదడు పటమున వారి చదువు వ్రేలికి గల చోటు ఇతరులకంటె పెద్దదైయున్నట్లు 1993లో ప్రకటించిరి. ఆ చోటు ఎట్లు పెరిగినది? చుక్కలలిపి గొప్పతనమును గూర్చి ఉపన్యాసము వినుటచే పెరుగలేదు. దినదినము వ్రేలు ఆ చుక్కలను తాకుటచే పెరిగినది. కావున చేతికి పట్టిన తప్పును చేతితోనే దిద్దవలెను. కలిసి తినుట, కలిసి పనిచేయుట, పట్టి యెత్తుట, చేతి కందించుట, ఒకరి బిడ్డను మరియొకరు ఎత్తుకొనుట: ఇవియే మందు. ఈ మందు చేదని చేయి మొదట మొరాయించును. మొరాయించినంత మాత్రమున మనము చెడ్డవారము కాము. దాని మొరాయింపునకు లొంగి, ప్రకృతియని పేరు పెట్టుకొన్నచో చెడ్డవారమగుదుము.

ఈ మాట మాకు క్రొత్తగా తోచినది కాదు. 2016లో ఏర్పడిన మా పెద్దపల్లి జిల్లాలో, ఎలిగేడు మండలమున ధూళికట్ట యను గ్రామము కలదు. అక్కడ 1970లలో జరిపిన త్రవ్వకములలో శాతవాహనుల కాలపు బౌద్ధస్తూపము బయటపడినది. పడగ విప్పిన నాగము చెక్కిన సున్నపురాతి ఫలకములు అచ్చట దొరకినవి. బుద్ధుని యనుయాయులు మన యింద్రియములను అయిదని గాక, మనస్సుతో చేర్చి ఆరని లెక్కించిరి. ఇంద్రియములనుండి స్పర్శయు, స్పర్శనుండి వేదనయు, వేదననుండి తృష్ణయు పుట్టునని వరుస చెప్పిరి. తాకుట వేరు, తాకినందువలన సుఖదుఃఖములు కలుగుట వేరు, దానిపై కావలెననియు వలదనియు మనస్సు పెనగులాడుట వేరు. ఈ మూటిని విడదీసి చూడనేర్చినవాడు తన చేయి యెందుకు ఆగినదో తెలిసికొనగలడు.

వారి కథలలో ఆనందుని కథ యొకటి ప్రసిద్ధమైనది. దప్పిగొన్న ఆ భిక్షువు బావివద్ద నీళ్లు తోడుచున్న చండాల కన్యను నీళ్లడిగెను. తన కులము చెప్పి ఆమె వెనుకాడెను. తాను అడిగినది నీళ్లేగాని కులము కాదని ఆతడనెను. ఆమె పోసెను, ఆతడు త్రాగెను. ఈ కథ చెప్పుకొనిన భిక్షువులు ధూళికట్టకు నడచి వచ్చిన త్రోవలలోనే, అనేక శతాబ్దముల పిదప, జీతగాండ్రు దోసిలి పట్టగా పైనుండి నీళ్లు పోసితిమి. స్తూపము మట్టిలో పూడుట ఒక నష్టము. ఆ మాట మన చేతులనుండి పోవుట అంతకు పెద్ద నష్టము.

'అంటు' అను మాటను మరల ఒకమారు తలంతము. ముట్టు దినములలో స్త్రీని మూలకు కూర్చుండబెట్టినది ఈ మాటయే. మనిషిని ఊరి వెలుపల నిలిపినది ఈ మాటయే. మామిడితోటలు పెంచు మా రైతులు ఈ మాటనే మరియొక పనికి వాడుదురు. రెండు చెట్ల కొమ్మలను చెక్కి, పచ్చిగాయమును పచ్చిగాయమునకు చేర్చి, కదలకుండ కట్టుదురు. దానిని 'అంటు కట్టుట' యందురు. కొంతకాలమునకు ఒకదాని రసము మరియొకదానిలో ప్రవహించును. అంటుచెట్టు త్వరగా కాచును, మేలైన కాపు కాచును. ఒక్క మాటయే చెట్ల విషయమున కలుపుటకు, మనుష్యుల విషయమున విడదీయుటకు పనికివచ్చుట చూడగా, లోపము మాటయందు లేదని తేటపడుచున్నది.

మా జీతగాడు చనిపోయి చాల యేండ్లయినది. ఆయన చేయి మా యరికాలిని రుద్దినప్పటి వెచ్చదనము మాకు ఇప్పటికిని తెలియుచున్నది. ఆ దినమున నెత్తిమీద పడిన నీళ్ల చల్లదనమును తెలియుచున్నది. మొదటిది నరము చెప్పిన సత్యము. రెండవది మన మాచరించిన అసత్యము. తరువాతి పండుగనాడు మేము మా వీధి నూడ్చు స్త్రీకి మామూలిచ్చునప్పుడు, చేతిని క్రిందికి దించి ఆమె యరచేతిలో రూకలుంచితిమి. చేయి ఆనాడు కూడ క్షణకాలము వెనుదీసినదని దాచక చెప్పుచున్నాము. ఆ మరుసటి పండుగకు ఆ క్షణము తగ్గినది. చదువరులు తమ చేతులను తామే పరీక్షించుకొందురుగాక.